దేవుడికి గాలి

మా చిన్నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. నిరుడు పండుగనాడు ఆయన స్పేరుపార్టుల డబ్బా అట్ట చింపి, పండుగ జరిగే హాల్లో దేవుడి బొమ్మకు గాలి విసురుతుంటే ఎవరో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. "మట్టిబొమ్మకు చెమటట! ఈ హిందువులంతా ఇంతే, బుర్ర తాకట్టు పెట్టేశారు" అని వేలమంది నవ్వారు. పని దగ్గర ఆయన పేరే 'ఫ్యాను' అయిపోయింది. తలెత్తుకోలేకపోయిన పిన్ని, "మళ్ళీ ఆ అట్ట ముట్టుకున్నారంటే నేను పండుగకే రాను" అని తెగేసి చెప్పింది.

దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి కదా, నవ్విన వాళ్ళకు ఘాటుగా జవాబులు రాశాను. ఒక్కడూ మారలేదు. నాకు కడుపుమంటే మిగిలింది. చివరికి చిన్నాన్ననే అడిగాను.

"బొమ్మకు ఉక్కపోయదని నీకు తెలీదా?"

"తెలీకేంరా? ఏడాది పొడుగునా అదివ్వు ఇదివ్వు అని ఆయన ప్రాణం తీస్తాను. ఒక్క పూటన్నా నేనేదైనా చెయ్యొద్దూ?"

ఇంతేనా కారణం అనిపించింది. కానీ ఈసారి ఏం చేస్తాడో చూడాలని మనసు ఒకటే పీకింది.

ఈ ఏడు పండుగనాడు హాల్లో అప్పుడే ఫోన్లు లేచాయి. చిన్నాన్న వెనకే వచ్చిన పిన్ని గుమ్మంలో ఆగిపోయింది. చిన్నాన్న అట్ట పట్టుకుని, ఆమె వంక చూసి కాసేపు తటపటాయించాడు. తర్వాత అందరికంటే ముందున్న ఫోనువాడితో అన్నాడు:

"కాస్త జరుగు బాబూ, గాలికి అడ్డొస్తున్నావు."

పిన్ని నవ్వాపుకోలేక లోపలికొచ్చేసింది.