లెక్కల సభకి ముందు రోజు భోజనం

మీ పిన్ని పరిశోధన చేసే రోజుల్లో మన విజయవాడలో లెక్కలవాళ్ళ సభ ఒకటి జరిగింది. మీరప్పటికే పూణే వెళ్ళిపోయారు. ఆ సంగతి మీ అమ్మకి ఫోన్లో సగమే చెప్పాను. ఇప్పుడు మీరు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి మొత్తం చెబుతాను. ఫోను కాస్త దగ్గరగా పెట్టుకుని వినండి, అమ్మమ్మ గొంతు పెద్దది కాదు.

అది పేరుమోసిన ప్రొఫెసర్ల సభ కాదు. విశాఖపట్నం నుంచి కొందరు, విజయవాడ నుంచి కొందరు, అందరూ చదువు ఈ మధ్యే పూర్తిచేసి దారి వెతుక్కుంటున్నవాళ్ళు. ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ కలిసేవారు. వచ్చినవాళ్ళు హోటళ్ళలో దిగకుండా ఆ ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే ఉండేవారు. వాళ్ళకొక పద్ధతుంది. ఒక ఊరి మనిషి ఏం చెప్పబోతున్నారో ఆ కాగితాలు రెండో ఊరి మనిషికి ముందే పంపాలి. ఆ మనిషి అంతా చదివి వచ్చి, ప్రసంగం అవగానే లేచి మొదటి ప్రశ్న అడగాలి.

“పెళ్ళిలో ఆడపడుచు లాంటిదమ్మా ఆ ప్రశ్న అడిగే ఆవిడ. తప్పులు వెతకడానికే పిలుస్తాం, భోజనం కూడా పెడతాం” అని మీ పిన్ని నవ్వింది.

ఆ ఏడాది మీ పిన్ని చాలా నవ్వేది. కారణం ఉంది. తను రుజువు చేసింది నాకు ఒకసారి కూరగాయలు తరుగుతూ చెప్పింది. చుక్కలుంటాయి, వాటిని కలిపే గీతలుంటాయి. ముగ్గులాంటిదన్నమాట. ముగ్గు మనింట్లో వెయ్యం గానీ ఎదురింటి వాకిట్లో రోజూ చూసేదాన్నిగా, అర్థమైంది. ఒక రకం బొమ్మలున్నాయట. అవి ఎంత పెద్దవైనా సరే, చుక్కలకి మూడే మూడు రంగులు వేస్తే చాలు, ఒక గీతకి రెండు చివరలా ఒకే రంగు రాకుండా చూసుకోవచ్చట. అన్నిటికీ ఇది నిజమని మీ పిన్ని చెప్పింది. విశాఖలో ఒక పెద్ద ప్రొఫెసర్ గారికి అది నచ్చింది. ఆయన దగ్గర పరిశోధన పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. సభకి వస్తాను, విని ఖాయం చేస్తాను అన్నారు. ఆ ఏడాది దాటితే మీ పిన్నికి ఆ పోస్టుకి వయసు దాటిపోతుంది. అప్పటిదాకా కాలేజీల్లో ఏడాదికోచోట తాత్కాలికంగా పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చింది. ఇక ఇదే చివరి మెట్టు.

సభ ఆదివారం. శనివారం సాయంత్రం మీ పిన్ని రైలు దగ్గరికెళ్ళి మొదటి ప్రశ్న అడగాల్సిన అమ్మాయిని కంకిపాడులో మనింటికి తీసుకొచ్చింది. సన్నటి పిల్ల, బ్యాగు పొట్టకి హత్తుకుని కూర్చుంది. టీ ఇస్తే “ఇప్పుడే తాగేనాంటీ” అంది. గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు వైపే చూస్తూ ఉండిపోయింది. మీ పిన్ని ముఖంలోకి చూడదు, నా ముఖంలోకి చూడదు. కోడికూర, పప్పుచారు, పెరుగు అన్నీ పెట్టాను. కూర పక్కకి నెట్టి, రెండు మెతుకులు కెలికింది.

“ఏటిది, ఆడపడుచు అలిగిందా?” అని మీ పిన్ని వాళ్ళ యాసలో ఆటపట్టించింది.

“ఏటీ లేదక్కా. ఆకలి లేదు.”

నేను వంటింట్లోకి మీ పిన్నిని పిలిచాను. “ఆ పిల్ల ఏవిటోళ్ళే?” అని అడిగాను.

“లెక్కలోళ్ళు.”

“పరాచికాలాడకు. మనింట్లో తినదేమో, పాపం మొహమాటపడుతోంది.”

“అమ్మా, నీకు దండం పెడతాను. ఊరుకో.”

మీకిది తెలీదు, తెలియకపోతేనే మంచిది. కానీ చెబుతున్నాను కాబట్టి చెప్పాలి. మన వీధికి పెద్దిళ్ళవాళ్ళు పనుండి వస్తే మంచినీళ్ళు ముట్టుకోరు. “ఇప్పుడే తాగొచ్చామండీ” అంటారు. సీలు తియ్యని కూల్‌డ్రింక్ తెచ్చిపెడితే మాత్రం తాగుతారు. నేను నర్సుగా చేసినన్నాళ్ళూ, నా చేతుల్లో పుట్టిన పిల్లలు కూడా పెద్దయ్యాక అలాగే తాగారు. వాళ్ళకీ ఇబ్బంది ఉండదు, మనకీ ఉండదు అని అందరం అలవాటు పడిపోయాం. అందుకని నేను చెప్పులేసుకుని మూలనున్న కొట్టుకెళ్ళి చల్లటి సీసా ఒకటి తెచ్చి, ఆ పిల్ల పళ్ళెం పక్కన పెట్టాను.

“తాగమ్మా. సీలు తియ్యలేదు.”

ఆ పిల్ల సీసా వంక చూసింది. నా వంక చూసింది. అర్థమైంది దానికి. విశాఖలో మాత్రం ఇలాంటి సీసాలుండవా? ముఖం ఎర్రగా అయిపోయింది. పక్కకి నెట్టిన కూర అన్నంలోకి లాక్కుని, కలిపి, పెద్ద పెద్ద ముద్దలు తినడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అది ఆపడం లేదు. మధ్యలో పొలమారింది. నేను మాడు మీద తట్టాను.

“ఆంటీ, నేను దానికి కాదండి. ఒట్టు. దానికి కాదు” అంది. తర్వాత మీ పిన్ని వైపు తిరిగింది. “అక్కా, మీ ఐదో పేజీలో ఉన్నది అవదక్కా. నాకు ఒక బొమ్మ దొరికింది.”

చెయ్యి కడుక్కుని బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. చిన్న బొమ్మ, అరచేతిలో పట్టేంత. మీ పిన్ని కూడా చెయ్యి కడుక్కుని, నీలం, ఎరుపు, నలుపు పెన్నులు తెచ్చుకుని కూర్చుంది. రంగులేసింది. ఒక చుక్క దగ్గర ఏ రంగూ కుదరక ఆగింది. ఇంకో కాగితం మీద అదే బొమ్మ గీసి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి ఇంకో మూల నుంచి. అక్కడా ఆగింది. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. కూర మీద నూనె పేరుకుపోయింది. ఎవరం లేవలేదు.

“పడదు” అంది మీ పిన్ని చివరికి. “ఇలాంటిది ఉండదనుకున్నా. రాసేటప్పుడు చూడకుండానే ఉండదనుకున్నా. నీకెప్పుడు తెలిసింది?”

“బుధవారం అక్కా.”

“అప్పట్నించీ తిండి మానేశావా?” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ పిల్ల ముందుకి జరిగింది. “అక్కా, రేపు నేను వేరే ప్రశ్నేదో అడుగుతాను. ఐదో పేజీ జోలికి పోను. ఆయన అంత లోతుగా చదివుండరు. పోస్టు ఖాయం చేసుకోండి, తర్వాత సరిచేసుకోవచ్చు.”

“బంగారంలాంటి మాట చెప్పింది. ఒక్కరోజు నోరు మూసుకుంటే ఏం పోతుందే?” అన్నాను నేను.

“సరిచెయ్యడానికి ఏముందమ్మా? అన్నిటికీ నిజమన్నాను. ఒకదానికి కాదు. ఇంక అక్కడేం లేదు.”

“చర్చి సంఘంలో వాళ్ళకి ఫోన్ చేసి ప్రార్థన పెట్టిస్తాను.”

“ఏమని పెట్టిస్తావు? ఆ బొమ్మకి రంగులు పడాలనా? నేను పుట్టకముందు కూడా పడవమ్మా అవి. దేవుడు కూర్చుని వేసినా పడవు.”

“అలా అనకూడదే.”

“అనకపోయినా పడవు.”

వార్డులో ఎంతమంది పక్కన కూర్చుని ప్రార్థన చేశాను! ఆఖరి ఊపిరి దాకా ఏమో, ఏమైనా జరగొచ్చు అనుకునేదాన్ని. ఇక్కడ ఆ ‘ఏమో’ లేదు. ఎప్పుడూ లేదట.

మర్నాడు చర్చి మానేసి నేనూ వాళ్ళతో వెళ్ళాను. బస్సులో బెంజ్ సర్కిల్ దాకా ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. బైబిళ్ళు పట్టుకున్నవాళ్ళతో బస్సు నిండిపోయింది. తెలిసినవాళ్ళు “ఎక్కడికండీ?” అంటే “మా అమ్మాయి ఉపన్యాసం ఉందండీ” అన్నాను. మరేం చెప్పను?

కాలేజీ గదిలో నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ప్రొఫెసర్ గారు ముందు వరుసలో ఉన్నారు. మీ పిన్ని బోర్డు మీద తన మాట మొత్తం రాసింది, కాగితంలో ఉన్నట్టే. దాని పక్కన ఆ చిన్న బొమ్మ గీసింది. “నేను మీకు పంపింది తప్పు. ఈ బొమ్మ ఆవిడకి దొరికింది” అని ఆ పిల్ల పేరు బోర్డు మీద రాసి, ఎక్కడ రంగు ఆగిపోతుందో చూపించింది. గంటసేపు మాట్లాడాల్సింది ఇడ్లీ ఉడికే లోపలే అయిపోయింది. పద్ధతి ప్రకారం మొదటి ప్రశ్న అడగమన్నారు. ఆ పిల్ల లేచి నిలబడింది. “ప్రశ్నేం లేదండి” అని కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నాకిప్పటికీ తెలీదు.

భోజనాల దగ్గర ప్రొఫెసర్ గారు నా దగ్గరికొచ్చారు. “మీ అమ్మాయిది గొప్ప నిజాయితీ అమ్మా. ఈ రోజుల్లో అరుదు.”

“మరి ఆ పోస్టు సంగతండీ?”

“చూద్దామండీ.”

మన వైపు చూద్దామండీ అంటే ఏమిటో మీ అమ్మని అడగండి.

తర్వాత కొన్ని నెలలు మీ పిన్ని దాన్ని బతికించాలని చూసింది. ఈ రకం బొమ్మలు తీసేస్తే నిజం కావచ్చు, ఆ రకం కూడా తీసేస్తే కావచ్చు అని షరతులు పెట్టుకుంటూ పోయింది. తీసెయ్యగా తీసెయ్యగా మిగిలినవాటి గురించి ఎవరో ఎప్పుడో చెప్పేసే ఉన్నారట. ఈలోగా పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళింది. విశాఖ పిల్ల తన బొమ్మ గురించి ఒక వ్యాసం రాసింది. మీ పేరు కూడా పెడతానక్కా అని బతిమాలింది, మీ పిన్ని ఒప్పుకోలేదు. కానీ ఆ వ్యాసం మొదటి పేరాలో మీ పిన్ని పేరుంది. ఫలానా ఆవిడ చెప్పింది నిజం కాదని చూపిస్తున్నాం అని. మీ పిన్ని పేరు అచ్చులో వచ్చిన చోటు అదొక్కటే. నాకు తీసి చూపించింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, బాగుందమ్మా అన్నాను.

ఆ పిల్ల కొన్నాళ్ళు ఫోన్ చేసేది. ఇప్పుడు చెయ్యదు. దాని తప్పేం లేదు. మీ పిన్ని తప్పు కూడా ఏముంది? ఆ రోజు ఊరుకుని ఉంటే బాగుండేదని నేను అనుకుంటూనే ఉంటాను, పైకి అనను.

జూన్‌లో ఎంట్రన్సులకి తయారుచేసే ఇంటర్ కాలేజీలో చేరింది. తెల్లారకముందే బస్సొస్తుంది. చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. జీతం బాగానే ఇస్తారు. చేరిన కొత్తల్లో ఒకరోజు కాళ్ళు చాపుకుని కూర్చుంటే, నూనె రాస్తూ అడిగాను, ఎలా ఉందే అక్కడ అని.

“హాయిగా ఉందమ్మా” అంది కళ్ళు మూసుకుని. “అక్కడ లెక్కలన్నిటికీ జవాబులు పుస్తకం వెనకాలే ఉంటాయి.”

నేను రెండో పాదం ఒళ్ళోకి తీసుకున్నాను.