“ఊర్లెకు పోతున్న” అనొద్దు

ఈరోజు ఆదివారం. మంగళవారం మా ఊరి గ్రామసభ. నేనేమో వికారాబాద్‌లో కొడుకు ఇంట్లో ఉన్నాను... కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే తోచడం లేదు. అందుకే చెప్పాల్సింది ఇప్పుడే రాసి పెడుతున్నాను.

మా చిన్నప్పుడు... యాలాల్ దగ్గరి మా ఊర్లో వాన పడిందంటే బడిలో నా పక్క చోటు ఖాళీ. అది సాయమ్మ చోటు. వాళ్లిల్లు వాగు అవతల, గొర్రెలు కాచే వాళ్ల వాడలో. వాగు చిన్నదే... వాగుకూ వాడకూ మధ్య ఉన్న నల్లరేగడి బాటే గండం. కాలు మోకాలి దాకా దిగబడేది.

“ఈ వానలకు గూడ బడి తప్పితే ఇగ గొర్ల ఎంబడి పంపుడే” అని వాళ్ల నాయన తేల్చి చెప్పాడు.

మా చిన్నాయన అప్పుడు పంచాయతీ మెంబరు. ఆ బాటకు మొరం మట్టి పోయించాలని తాండూరుకు తిరిగి తిరిగి మంజూరు తెచ్చాడు. కాగితంలో ఉన్న మాట... “ఊరి చివరి దాకా”.

కొలవడానికి ఓవర్సీరు జీపులో వచ్చాడు. మేమంతా ఆ కొలత గొలుసు వెంట నడిచాం. వాగు దగ్గరికి వచ్చేసరికి సాయమ్మ తల్లి బాలమణి నెత్తిన సర్వ గిన్నె పెట్టుకుని ఎదురొచ్చింది.

“ఏడికమ్మా?” అన్నాడు ఓవర్సీరు ఊరికే.

“ఊర్లెకు పోతున్న సారూ.”

ఆయన ఆగిపోయాడు. “ఊర్లెకు పోతున్ననంటున్నది. అంటే ఊరు ఈడికే అయిపోయినట్టు గదా మెంబర్ సాబ్?”

గొలుసు చుట్టేశారు. బాలమణికి ఏం తప్పు మాట్లాడిందో అర్థం కాలేదు... ఆ సర్వతో అలాగే నిలబడిపోయింది.

ఆ పూట చిన్నాయన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. మర్నాడు పొద్దున్నే వాగు ఒడ్డున గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. వాడ నుంచి వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే ప్రశ్న.

“ఏడికి?”

“ఊర్లెకు పటేలా.”

“ఊర్లె ఉండి ఊర్లెకు ఎట్ల పోతవ్? వాపస్ ఇంటికి పో. పిండి గిర్నికి పోతున్ననో, దుకాణంకు పోతున్ననో సక్కగ చెప్పుకుంట మళ్ల రా.”

నిజంగానే వెనక్కి పంపేవాడు! మల్లయ్య తాతయితే ఒకే పొద్దున రెండుసార్లు ఇంటికి పోయొచ్చాడు. “జర గొర్లకు గూడ నేర్పియ్యరాదు పటేలా” అని విసుక్కున్నాడు.

“గొర్లు ఎన్నడన్న ఊర్లెకు పోతున్నమన్నయా తాతా? నువ్వే అంటున్నవ్.”

పిల్లలకు అది పెద్ద ఆటయింది. ఎవరు నోరు జారుతారా అని చెవులు రిక్కించి తిరిగేవాళ్లం.

వాడవాళ్లు తొందరగానే నేర్చుకున్నారు. నేర్చుకోనిది మా ఇల్లే. మజ్జిగ కోసం వాడవాళ్లెవరైనా వస్తే మా నాయనమ్మ లోపలికి కేకేసేది... “అవతలోళ్లు వచ్చిండ్రు, చల్ల పొయ్యి.”

చిన్నాయన ఆమెనూ వదల్లేదు. “అమ్మా, వాళ్లకు పేరు లేదా? నువ్వు అవతలోళ్లన్నన్ని దినాలు వాళ్లు ఊర్లెకు పోతున్నమనే అంటరు.”

“నా నోరు తిరగదురా” అంది నాయనమ్మ.

“తిరిగేదాక నాకు చల్ల వద్దు.”

కొన్నాళ్లకు, ముఖం అటు తిప్పుకుని, “బాలమణి వచ్చింది, చల్ల పొయ్యి” అంది. చిన్నాయన తన గ్లాసు ముందుకు జరిపాడు.

చిన్నాయన మళ్లీ తాండూరు వెళ్లి ఓవర్సీరును వెంటబెట్టుకొచ్చాడు. అదే వాగు, అదే బాలమణి.

“ఏడికమ్మా?”

“గిర్ని కాడికి సారూ.”

“ఏ ఊరు నీది?”

“గిదే ఊరు. నీదేడ?”

జీపు డ్రైవరుతో సహా అందరూ నవ్వారు. గొలుసు వాగు దాటింది... సాయమ్మ ఇంటి గడప దాకా పోయింది. మొరం పడింది. మెత్తటి చోట్ల మా వాళ్లూ వాడవాళ్లూ కలిసి నాపరాళ్ల ముక్కలు పరిచారు. ఆ వానాకాలం సాయమ్మ పొడి పాదాలతో బడికి వచ్చి నా పక్కన కూర్చుంది. పదో తరగతి దాకా లేవలేదు.

ఇక ఇప్పటి సంగతి. మొరం ఎప్పుడో కొట్టుకుపోయింది. పోయిన వానల్లో ఆంబులెన్సు వాగు మీది కల్వర్టు దగ్గరే ఆగిపోతే, జ్వరంతో ఉన్న సాయమ్మను మంచం మీద మోసుకొచ్చారు. ఇప్పుడామె మనవరాలు కాన్పుకు వచ్చి ఉంది. వానలు మొదలయ్యాయి.

ఇప్పటి వార్డు మెంబరు సునీత చురుకైన పిల్ల. సీసీ రోడ్డు మంజూరు చేయించింది. నిన్న ఫోన్ చేసి, “అవ్వా, ఎస్టిమేట్ల రోడ్డు కల్వర్టు కాడికే ఉన్నది. ఊరి చివర గదే అంటున్నరు. వాడల అడిగితె వాళ్లు గూడ ఏమనలె” అంది.

వెంటనే సాయమ్మకు చేశాను. రోడ్డు సంగతేమిటని అడిగాను.

“మస్తు రోడ్డు వస్తున్నదటక్కా! మోకాళ్లు జర నిమ్మళమైతే ఊర్లెకు పోయి చూసొస్త.”

“సాయమ్మా!” అని అరిచాను.

సాయమ్మ మెల్లగా నవ్వింది. “చిన్నపటేలు ఉంటే నన్ను మళ్ల ఇంటికి తోలుతుండె గదా...”

ఇంత కాలానికి రోడ్లు మారాయి, జీపులు మారాయి. ఆ ఒక్క మాట మాత్రం వాగు దగ్గరే నిలబడి ఉంది. అందుకని జరగాల్సినవి ఇవీ...

1. రేపు పొద్దున రైలుకు నేను తాండూరులో దిగుతాను. ఎండ, వాన, మోకాళ్ల నొప్పి అని ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పొద్దు.

2. సునీతా, సభలో ఎస్టిమేట్ చదివేటప్పుడు “ఊరి చివర” అన్న చోట ఆపు. ఆ మాట కొట్టించి “సాయమ్మ ఇంటి దాకా” అని రాయించు. రాసేదాకా కదలొద్దు, నేను పక్కనే ఉంటాను.

3. సాయమ్మ సభకు రావాలి. ఎక్కడికి పోతున్నావని ఎవరడిగినా “సభకు పోతున్న” అనాలి. వేరే మాట వస్తే వాపస్ ఇంటికి!

4. ఇది చదివిన వాళ్లు... మీ ఊర్లో రోడ్డు ఎవరి ఇంటి దాకా రాకుండానే ఆగిపోయిందో, ఆ ఇంటి వాళ్ల పేరుతో సహా కింద కామెంట్లలో రాయండి. “అవతలోళ్లు” అని మాత్రం రాయొద్దు.