సున్నం ఆరనివ్వని రోజు

పెద్దమ్మ ఫోన్‌లో ఒక్క మాటే చెప్పింది. "గా రాయిని రేపు ట్రాక్టర్ల ఎత్తుకపోతరట. నువ్వు రా బిడ్డా." అమ్మ పోయాక పెద్దమ్మ నర్సమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మక్తల్ దగ్గరి జొన్నలదిన్నెలో, మా మాదిగవాడ నడుమ ఒక వీరగల్లు ఉంది. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం నిలబడి ప్రాణం విడిచిన మనిషి గుర్తు అది. ఆయన మా వాడ మనిషేనని మావాళ్ల మాట. ఏటా తొలకరికి ముందు వాడ ఆడవాళ్లు ఆ రాయికి సున్నం వేస్తారు. బతికినన్నాళ్లూ మా అమ్మ కూడా వేసింది. ఇప్పుడు ఊరిపెద్దలు ఆ సున్నమంతా గీకేసి, రాయిని పంచాయతీ ఆఫీసు ముందు గ్రానైటు గద్దె మీద నిలబెడతారట. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున ఆరింటికి హైదరాబాద్‌లో మక్తల్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. మన ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. షాద్‌నగర్ దాకా ఫ్యాక్టరీ డ్యూటీలకు పోయేవాళ్లతో కాలు పెట్టే సందు ఉండదు. జడ్చర్లలో సగం బస్సు ఖాళీ అయ్యాక కిటికీ సీటు దొరికింది. పదిన్నరకు మక్తల్‌లో దిగి, ముప్పై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను.

"రాయి కాడికేనా అక్కా?" అన్నాడు ఆటో అతను. "పొద్దుగాల సంది ఊర్ల గదే ముచ్చట. ట్రాక్టర్ వచ్చి నిలబడ్డది గని, రాయి మాత్రం కదల్తలేదు."

ఎందుకు కదలడం లేదో వెళ్లాక తెలిసింది. సున్నం తడిగా ఉన్నంతసేపు ఆ రాయిని ఎవరూ పట్టుకుని కదపకూడదు. ఊరంతా భయపడి పాటించే కట్టుబాటది. పెద్దమ్మ తెల్లవారగానే ఒక పూత వేసిందట. అది ఆరేలోపు ఇంకొకామె ఇంకో పూత వేసింది. ఆ ఎండకు అరగంటలో ఆరిపోతుంది కాబట్టి ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. నేను చెప్పులు విడిచి కుంచె అందుకున్నాను. ట్రాక్టర్ అతను నీడన పడుకుని గురక పెడుతున్నాడు.

రైతు ఇంటి కుర్రాడు, కొత్త సర్పంచ్, మధ్యాహ్నం ఒక ముసలి పటేలును వెంటబెట్టుకుని వచ్చాడు. "నర్సమ్మా, ఊరి వీరుడని బోర్డు పెడ్తం. మంది అందరు చూడాలనే కద?" అన్నాడు మర్యాదగానే.

"ఊరి పసులను కాపాడిండు. అయినా గప్పటి సంది ఊరవతల్నే ఉంచిన్రు. గిప్పుడు ఊరి వీరుడైండా?" పెద్దమ్మ కుంచె ఆపలేదు. "చూడాలంటే దారి ఉన్నది నాయినా. బోర్డు గిక్కడనే పెట్టుండ్రి. చూసేటోళ్లు మా వాడకే రావాలె."

సర్పంచ్ ముఖం తుడుచుకున్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్లి ఇద్దరికీ చెంబుతో నీళ్లు తెచ్చింది. పటేలు పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నాకు దూప లేదు," అన్నాడు. సర్పంచ్ ఆయన వైపు చూశాడు, చెంబు వైపు చూశాడు. తర్వాత గటగటా తాగేసి, ట్రాక్టర్ అతన్ని లేపి పంపించేశాడు.

ఇప్పుడు బోర్డు రాయి పక్కనే ఉంది. గతం అందరిదీ అని చెప్పే వేదికలు ఈ రాష్ట్రంలో చాలా చూశాను, నాకు వాటి మీద కోపమేమీ లేదు. కానీ అందరిదీ అంటూ మా వాకిట్లోంచి ఎత్తుకుపోతామంటే మాత్రం ఒప్పుకోను. ఆ రోజు తిరుగు బస్సులో గోళ్లలో ఇరుక్కున్న సున్నాన్ని కడుక్కోబుద్ధి కాలేదు. ఏటా రాయికి సున్నం వేసిన వారమంతా అమ్మ గోళ్లు కూడా ఇలాగే తెల్లగా ఉండేవి.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. మక్తల్‌లో నీళ్ల సీసా కొనకండి. రాయి పక్కింట్లో మా పెద్దమ్మ చెంబుతో ఇస్తుంది. దూప లేదనకుండా తాగండి.