పదిహేను అంగుళాల మానిటర్, లారీ బ్యాటరీ

నేను కంప్యూటర్ కొనలేదు, కట్టించుకున్నాను. కంపెనీ కంప్యూటర్ ధర అడిగి, మంచినీళ్ళు తాగి బయటికొచ్చేసిన మాలాంటివాళ్ళకి గవర్నర్‌పేటలో విడిభాగాలు ఏరుకుని బిగించుకోవడం ఒక్కటే దారి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది.

గుణదలలో మా ఇంటి ముందు గదిలో రెండు టైపు మిషన్లు పెట్టుకుని పదిహేనేళ్ళపాటు బయటి టైపింగ్ పనులు చేశాను. ప్లీడర్ల కాగితాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, అప్లికేషన్లు. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎదురుపడితే "ఇప్పుడంతా కంప్యూటర్లోనే కొట్టిస్తున్నామండీ" అనేవారు, నేనేదో పాచిపోయిన కూర వడ్డించినట్టు. చివరికి, మొదటినుంచీ నా దగ్గరకే వచ్చే ఎకనామిక్స్ లెక్చరర్ గారు పిహెచ్‌డి కాగితాలు పట్టుకొచ్చి, "యూనివర్సిటీవాళ్ళు కంప్యూటర్ ప్రింటే కావాలంటున్నారమ్మా. మీరు తెచ్చుకుంటే మీకే ఇస్తాను, లేదంటే ఇంకోచోట చూసుకోవాలి" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పని పోతే ఆయన వెనకున్న కాలేజీ లెక్చరర్లంతా పోతారు. అప్పుడు ఆ ముందు గది ఉత్త ముందు గది, నేను ఉత్త ఇల్లాలిని. ఆ వారంలోనే మిషన్లు రెండూ అమ్మేశాను. మబ్బుల్ని చూసి ముంత ఒలకబోసుకోవడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

మా ఆయన ఆటోనగర్లో లారీలకి కరెంటు పని చేసేవారు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, బ్యాటరీలు. ఏ వస్తువునైనా చేతిలో పెట్టి బరువు చూడందే మంచిదని ఒప్పుకునే మనిషి కాదు. గవర్నర్‌పేటకి నాతో వస్తానన్నప్పుడే నాకు భయం వేసింది.

విడిభాగాలు అమ్మి, కంప్యూటర్ బిగించిపెట్టే భాయ్ దుకాణం ఒక లాడ్జి పక్క సందులో మేడ మీద ఉండేది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చేతులు ఆయనవి. పాత క్యాలెండర్ కాగితం వెనక నిలువునా రాసుకుంటూ పోయారు: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, మానిటర్, క్యాబినెట్, కీబోర్డు, యుపిఎస్, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. "టైపింగుకే అయితే ప్రాసెసర్ చిన్నది చాలమ్మా. ర్యామ్ మాత్రం కాస్త ఎక్కువ వేసుకోండి" అన్నారు. మొత్తం చూస్తే నా దగ్గరున్న దానికి మించిపోయింది. ఏదో ఒకటి కొట్టెయ్యాలి.

కీబోర్డు దగ్గర నేను తగ్గలేదు. ఆరు కీబోర్డులు వరసగా పెట్టించుకుని, కళ్ళు మూసుకుని కొట్టి చూశాను. మిషను మీద పెరిగిన వేళ్ళు నావి, మెత్తటి మీటలైతే నెలలో లోపలికి పోతాయి. భాయ్ ఓపిగ్గా నించున్నారు. ఈలోగా మా ఆయన, క్యాబినెట్ లోపల కరెంటు సరఫరా చేసే ఇనప డబ్బాలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని తూకం వేస్తున్నారు. వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, కొట్లో ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు.

"ఇది తేలిగ్గా ఉంది భాయ్. లోపల రాగి తక్కువేశాడు."

"సార్ చెప్పింది నిజమే. బరువున్నదే తీసుకోండి" అన్నారు భాయ్.

ఆ కుర్రాళ్ళు మా వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అది సరే, పని మధ్యలో కరెంటు పోతే ఎట్టా?" అన్నారు మా ఆయన.

"ఇది లారీ కాదండీ. మీరు కిందకెళ్ళి టీ తాగి రండి" అన్నాను. ఆయన చేతిలో డబ్బాలు బల్ల మీద పెట్టి దిగి వెళ్ళారు.

అప్పుడు నేను జాబితాలోంచి, కరెంటు పోయినా కాసేపు నడిపించే ఆ యుపిఎస్‌నే కొట్టేయించాను. ఆ మిగులుతో పద్నాలుగు అంగుళాల మానిటర్ బదులు పదిహేను అంగుళాలది తీసుకున్నాను. గదిలోకి వచ్చేవాళ్ళ కళ్ళకి ముందు కనపడేది అదే కదా. భాయ్ రెండుసార్లు వద్దన్నారు. "వచ్చే నెల తీసుకుంటాలెండి" అన్నాను. "అయితే కొడుతున్నంతసేపూ సేవ్ చేస్తా ఉండండమ్మా" అన్నారు. తలూపాను.

తలూపాను గానీ, ఆ మాట నా బుర్రలోకి దిగలేదు. మిషను మీద కొట్టిన అక్షరం కొట్టినట్టే కాగితం మీద ఉంటుంది, ఎక్కడికి పోతుంది? పని అయ్యాక కాగితం మిషన్లోంచి లాగినట్టే, పొద్దుపోయాక ఒక్కసారి సేవ్ చేసి ఆపేసేదాన్ని. థీసిస్ అంతా ఒకటే పుస్తకం కాబట్టి ఒకటే ఫైలు. ప్రింటు కూడా అంతా అయ్యాకే తీద్దామనుకున్నాను.

అదృష్టం కొద్దీ, కొడుతుండగా కరెంటు పోకుండానే తొంభై పేజీలు అయ్యాయి. సోమవారం లెక్చరర్ గారు కాగితాలు తీసుకెళ్ళి ఆ రోజే యూనివర్సిటీలో ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం, చివరి పేజీ కూడా కొట్టేసి సేవ్ చేస్తుంటే కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. ఫైలు తెరిస్తే పేజీల నిండా పెట్టెలు, ప్రశ్నార్థకాలు. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాను. వీధి చివర ఫోను బూత్‌కి పరుగెత్తి భాయ్‌కి చెప్తే, "సేవ్ అయ్యేటప్పుడు పోయిందంటే ఫైలు పాడైపోయినట్టేనమ్మా. ఫ్లాపీలో కాపీ ఉందా?" అన్నారు. లేదు. మిషన్లున్నా బాగుండేది. పైన పటారం లోన లొటారం, పదిహేను అంగుళాల పటారం.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి నేను దీపం కూడా వేయకుండా కూర్చున్నాను. జరిగింది చెప్పాను. నేను చెప్పలేదా అని ఆయన అంటే తిరిగి అనడానికి నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన అనలేదు.

"చేత్తో రాసిన కాగితాలు ఉన్నయ్ గదా?" అన్నారు.

"ఉన్నాయి."

"మరింకేం, మళ్ళీ కొట్టు. కరెంటు సంగతి నేను చూస్తా."

శనివారం పొద్దున్నే భాయ్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. కొత్త యుపిఎస్‌కి చేతిలో ఏమీ లేదు. మూల ఒక పాతది పడి ఉంది. లోపల బ్యాటరీ చచ్చిపోయిందన్నారు భాయ్. ఎన్ని వోల్టులదని అడిగారు మా ఆయన. పన్నెండు అన్నారు. "లారీ బ్యాటరీ కూడా పన్నెండే" అన్నారు మా ఆయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన ఆటోనగర్ వెళ్ళి, రాత్రంతా ఛార్జింగులో ఉన్న బ్యాటరీని లారీ ఓనర్‌నడిగి స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చారు. భాయ్ మా ఇంటికి వచ్చి యుపిఎస్ విప్పి, ఎర్రతీగ, నల్లతీగ బయటికి లాగి, లావుపాటి తీగలతో లారీ బ్యాటరీకి కలిపారు. మెయిన్ స్విచ్ ఆపి చూశాం. మానిటర్ వెలుగుతూనే ఉంది.

రెండు రోజులు కొట్టాను. పేజీ పేజీకి సేవ్ చేశాను, చాప్టర్‌కో ఫ్లాపీ పెట్టాను. కరెంటు ఎన్నిసార్లు పోయిందో లెక్క పెట్టలేదు. వంట మా ఆయనే చేశారు. ఆదివారమంతా పనికి పోకుండా బ్యాటరీ పక్కన స్టూలేసుకుని, తీగలు వేడెక్కుతున్నాయేమోనని మధ్యమధ్య చేత్తో పట్టి చూస్తూ కూర్చున్నారు. ఈ మనిషినా నేను టీ తాగి రమ్మని కిందకి పంపింది అనిపించింది.

సోమవారం పొద్దున లెక్చరర్ గారు వచ్చేసరికి చివరి చాప్టర్ ప్రింటవుతోంది. సగంలో ఫ్యాను ఆగిపోయింది. వీధిలో రేడియోలు ఆగిపోయాయి. ప్రింటర్ మాత్రం కరకరమంటూనే ఉంది. లెక్చరర్ గారు చుట్టూ చూసి, బల్ల కిందకి వంగి, "లారీ బ్యాటరీయా! ఇదెవరి పనమ్మా?" అన్నారు.

మా ఆయన అప్పటికే స్టూలు మీంచి లేచి వంటింటివైపు నడుస్తున్నారు. నా దగ్గరికి చదువుకున్నవాళ్ళు ఎవరొచ్చినా ఆయన అలాగే లోపలికి వెళ్ళిపోయేవారు. వెళ్ళమని నేను ఏనాడూ చెప్పలేదు. ఉండమనీ చెప్పలేదు.

"ఏవండీ, ఉండండి" అన్నాను. లెక్చరర్ గారి వైపు తిరిగి, "మా ఆయనండీ. ఆటోనగర్లో లారీల కరెంటు పని చేస్తారు. ఇది ఆయనే కట్టారు" అన్నాను.

లెక్చరర్ గారు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టారు. "ఏమీ అనుకోకండి సార్. ఇన్నేళ్ళుగా ఈ గదిలో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. ఎవరో పనివాడనుకున్నాను" అన్నారు.

"పనివాణ్ణేనండీ" అన్నారు మా ఆయన, నవ్వుతూ.

నేను ప్రింటర్ దగ్గరే నించున్నాను. తలెత్తి మా ఆయన మొహం చూడలేకపోయాను.