బోణీ డైనమో

ఆ దినాల్లో మా రాయదుర్గం తట్టు జనం రెండింటిని బాగా నమ్మేవాళ్లు. ఒకటి, బోరు పాయింటు చూసేటాయన అరచేతిలో లేచి నిలబడే టెంకాయ. రెండోది, జీపుకు మైకు కట్టుకోని వచ్చే నాయకుడు. టెంకాయ లేచినా, నాయకుడు లేచినా నీళ్లు మాత్రం పడేవి కావు. అయినా నమ్మకం తగ్గేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నగొస్తాది గానీ, ఆ పొద్దు నేనూ ఆ మందలో ఉన్నదాన్నే. దాచేదేముంది, ముందు వరసలోనే ఉంటి.

నేను పెండ్లయి వచ్చేసరికి మా ఇంటాయన బస్టాండు పక్కన రేకుల షెడ్డులో బండ్ల కరెంటు పని చేస్తాండె. జీపులు, లారీలు, ట్రాక్టర్లు, వాటి బ్యాటరీకి ఛార్జు ఎక్కించే డైనమోలు, సెల్ఫు మోటార్లు. చేన్లో ఏసిన బోర్లన్నీ దుమ్ము కక్కినాక, ఇంగొక బోరుకని దాచిన దుడ్లు ఎత్తుకోనిపోయి బెంగుళూరు నుంచి టెస్టు బెంచి తెచ్చినాడు. ఇనుప బల్ల, దాని మీద మోటారు, బెల్టు, అద్దం వెనక ఒక ముల్లు. బండిలోంచి విప్పిన డైనమోని దానికి బిగించి తిప్పితే, కరెంటు పుట్టిస్తే ముల్లు లేస్తాది, లేకుంటే పడుకోనే ఉంటాది. మా అత్త దాని చుట్టూ తిరిగి చూసి, "నీళ్లు లేసేదానికి దుడ్లిస్తే ముల్లు లేసేదాన్ని తెచ్చినావేమిరా" అనె. (ఆమె నోరు అట్లాంటిది. ఎంత పెద్దోడైనా ఆమె ముందర గొంతు తగ్గించాల్సిందే.)

అయితే ఆ బెంచికి పెద్దరికమిచ్చింది గూడా మా అత్తే. పొద్దున్నే మొదట ఎక్కించిన డైనమోకి ముల్లు లేవకపోతే బోణీ చెడుతాదంట, ఆ దినమంతా చెడ్డ బండ్లే వస్తాయంట. అందుకని బాగుండే జీపు డైనమో ఒకటి ఎత్తి పెట్టించె. దాని పేరే బోణీ డైనమో. షెడ్డు తెరిస్తానే దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, కర్పూరం తిప్పి, బెంచి ఎక్కించి ముల్లు లేపించినాకనే మిగిలిన పని. కర్పూరం తిప్పే పని నాది. నేను తిప్పేది, ముల్లు లేచేది. మళ్లా పొద్దున తిప్పేది, మళ్లా లేచేది. అక్షరం రాని బుర్ర, నాకేం తెలుసు? కర్పూరానికే లేస్తాందనుకుంటి.

ఊర్లో ఒక నాయకుడుండె. ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని తోపుడాయన అనేవాళ్లు. ఆయన తెల్లజీపు బ్యాటరీకి ఛార్జు ఎక్కక, యాడ ఆపితే ఆడనే చచ్చేది. కార్యకర్తలు దిగి తోసేవాళ్లు. ఒక చేత్తో జీపు తోస్తా, ఇంగొక చెయ్యి పైకెత్తి జై కొట్టేది ఆ చుట్టుపక్కల వాళ్లకే చేతనయ్యేది. "జనమే నడిపిస్తాండారప్పా ఈయన్ని" అని ఎదుటి పార్టీవాళ్లు టీ అంగడి కాడ నగితే, రోషమొచ్చి నేరుగా మా షెడ్డుకు వచ్చినాడు. మర్నాడు విడపనకల్లులో సభంట. జీపు తోపించుకోకుండా పోవల్లంట.

మా ఇంటాయన డైనమో విప్పి బెంచి ఎక్కించె. ముల్లు కదల్లేదు.

"అన్నా, డైనమో పోయిండాది."

"పోయేదేందప్పా? పోయిన నెలనే మా బామ్మర్ది అంగట్లో కొత్తది ఏయించినా."

"నేను చెప్పేది కాదన్నా, బెంచి చెప్తాంది."

"ఏ పార్టీది నీ బెంచి?"

అప్పటికే జనం చేరినారు. ఒకడు రీకౌంటింగు పెట్టాలనె. ఇంగొకడు బెంచిని అందరికీ కనపడేట్ల బయటికి తెమ్మనె. తెచ్చి మళ్లా తిప్పితే ముల్లు మళ్లా పడుకోనే ఉండె. "కదిలిందన్నా, నా కండ్లారా చూసినా" అని ఒక కార్యకర్త దేవుని మీద ప్రమాణం చేసె. మా ఇంటాయన వేరే డైనమో ఏస్తానంటే నాయకుడు ఒప్పుకోలే. గొంతు తగ్గించి, "వేరేది ఏస్తే మా బామ్మర్దిని దొంగని చేసినట్లే. నా డైనమోనే ఉండల్ల, అది బాగుండల్ల. ఈ షెడ్డు ఎవురి జాగాలో ఉండాదో తెలుసు గదా? నా డైనమో బాగుంటే నీ షెడ్డూ బాగుంటాది" అనె.

మా ఇంటాయన మొకం తెల్లబోయె. షెడ్డు పోతే మాకు మిగిలేది ఆ దుమ్ము చేనే.

అప్పుడు లేచింది మా అత్త. "ఏమప్పా నాయకా, ఇంత పెద్దోని డైనమోకి పసుపు కుంకం లేకుండా ఎక్కిస్తే ముల్లెట్ల లేస్తాది? మా వానికి బుద్ధి లేదు."

"అట్ల చెప్పు పెద్దమ్మా! శాస్త్రం తెలిసిన మనిషివి నువ్వు."

ఆమె ఆ డైనమోని చీర కొంగులో చంటిబిడ్డ మాదిరి ఎత్తుకోని గోనెపట్ట తెర వెనక్కి పోయె. బయటికి వచ్చేసరికి డైనమో కనపడలేదు, పసుపూ పూలదండే కనపడినాయి. నన్ను కర్పూరం ముట్టించమనె. ముట్టించి తిప్పితి. బెల్టు తిరిగె. ముల్లు గబుక్కున లేసి నిలబడె!

ఇంగ చూడు ఈలలు! "గెలిచినాం" అని అరిచినారు. ఎవురి మీద గెలిచినారో దేవునికే తెలియల్ల. డైనమో మెడలో దండ తీసి నాయకుని మెడలో ఏసినారు. మా ఇంటాయన నోరు తెరుచుకోని వాళ్లమ్మ తట్టు చూస్తాంటే, "బిగించరా బిరీన" అని కసిరె. ఛార్జు లేని బండి కదా, ఆఖరిసారి తోసి పంపిరి. దాని తర్వాత ఆ జీపు తోపించుకోలేదు. కార్యకర్తలకే పాపం పని తగ్గిపాయె.

నా సంగతి అడగొద్దు. ఆ మహిమంతా నా చేతిదే అనుకుంటి. మర్నాడు బోణీ గూడా కాకముందే షెడ్డు మూలలో పడుండే చెడిపోయిన డైనమోలన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి వరసగా కూచోబెడితి. పక్కింటామె మిక్సీ గూడా తెప్పిస్తి. (పక్కన కూచోని వింటాండే మా మనవరాలు నగుతాంది, నగనీ.) మా ఇంటాయన వచ్చి చూసి, "ఏమే, పేరంటం పెట్టినావా?" అనె. "నగద్దు, ఒగొగటే ఎక్కించు" అంటి. ఎక్కించినాడు. ఒక్కదానికీ ముల్లు లేవలేదు. ఆఖరికి పసుపులో మునిగిన బోణీ డైనమోని ఎక్కిస్తే, అదీ లేవలేదు! "అయ్యో, నా చెయ్యి పాడయిపాయెనే" అని నేను ఏడుపు ఎత్తుకుంటి.

అత్త వక్కాకు నములుతా, "ఏమ్మే పిచ్చిదానా, బోణీది నాయకుని జీపులో ఊరేగుతాంది. ఇది ఆయప్పది. తెర వెనక మార్చి చచ్చింది నేనైతే మహిమ నీదా?" అనె. మా ఇంటాయన బెంచి పట్టుకోని కడుపు నొచ్చేదాకా నగినాడు.

నాయకుడు మాత్రం బతికినన్నాళ్లూ మీటింగుల్లో చెప్పుకునె, "మిషన్లు గూడా నన్ను చూసి లేసి నిలబడినాయి" అని. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ కొడితి. షెడ్డు నిలబడింది కదా.

ఇప్పుడు అత్త లేదు, మా ఇంటాయనా లేడు. పనోళ్లు అంకెలు చూపించే కొత్త బెంచి మీద పని చేసుకుంటారు. పాతది నా కుర్చీ పక్కనే ఉండాది, దాని మీద నాయకుని డైనమో. పొద్దున షట్టరు సగం ఎత్తి, దానికి బొట్టు పెట్టి కర్పూరం తిప్పుతా. లేవదని తెలుసు. అయినా ఒక కన్ను ముల్లు మీదనే ఉంటాది. "ఏమే, పేరంటం పెట్టినావా" అని వెనకనుంచి ఎవురన్నా అడుగుతారేమోనని కొంచేపు చూసి, ఆనక షట్టరు పూర్తిగా ఎత్తుతా.