మేస్త్రీ గారింటి కొక్కెం

ఎచ్చెర్ల చుట్టుపక్కల సంగిడి రాయి ఎత్తే పోటీలంటే జగన్నాధం పేరే చెప్పాలి. అందరూ కుడి భుజం మీదికి ఎత్తితే, పుర్రచేతివాటం మనిషి కాబట్టి అతను ఎడమ భుజం మీదికి ఎత్తేవాడు. బడి చదువు ఐదుతో ఆగినా వెండి కడియం గెలిచాడు, పోటీ లేకుండా వార్డు మెంబరయ్యాడు, ఊరికి మంచినీళ్ల ట్యాంకు తెప్పించాడు. వీటన్నిటికంటే అతనికి గొప్ప ఒకటుంది. తాత సీతన్న రంగూను రేవులో కూలీల మీద మేస్త్రీ. అందుకే వాళ్లది మేస్త్రీ గారిల్లు, వీధి తలుపు మీద పెద్ద అక్షరాలతో అదే రాయించాడు. తాత అక్కణ్ణుంచి తెచ్చిన, దసరాకి పసుపూ కుంకుమా పెట్టే ఇనుప కొక్కెం ఆ పెత్తనానికి గుర్తు.

రేవుకూలీల వంశాల గురించి పరిశోధన చేస్తున్నానంటూ యూనివర్సిటీ నుంచి శైలజ వచ్చినప్పుడు, ఆ గొప్పకే ఎసరు పెట్టడానికి వచ్చిందనిపించింది అతనికి.

"ఎవులు పంపినారు నిన్ను?"

"ఎవులూ పంపలేదు తాతా. మా ముత్తాత కూడా అక్కడ మూటలు మోసినోడే."

"మీ వోడు మోసినాడేమో. మావోడు మోయించినోడు."

భార్య అసిరమ్మ మంచినీళ్లు తెచ్చింది. "గ్లాసు మరిసిపోకుండా తీసుకో" అన్నాడామెతో, పిల్ల సంచీ వంక చూస్తూ.

నోరు మూయించడానికి కొక్కెం తెచ్చి చూపించాడు, చేతికి మాత్రం ఇవ్వలేదు. శైలజ వంగి చూసింది.

"మేస్త్రీ సేతిలో బెత్తం ఉండేది తాతా. బస్తాకి గుచ్చి లాగినోడిదీ కొక్కెం. పిడి సూడు, బొటనవేలు ఆనిన సోట ఎలా అరిగిపోనాదో."

"అంటే మా తాత కూలోడంటావా?"

అబద్ధమని తేల్చేద్దామని పిడిని అందరూ పట్టేటట్టు కుడిచేత్తో పట్టుకున్నాడు. వేలు కుదరలేదు. ఎడమచేతికి మార్చాడు. ఆ గుంటలో బొటనవేలు చక్కగా ఒదిగింది.

"మేస్త్రీ మనవడని మీ నాన్న సెప్తేనే కదా మావోళ్లు నన్నిచ్చినారు. ఇప్పుడు మావోళ్లకేటి సెప్పమంటావు?" అంది అసిరమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

"నువ్వూరుకోయే." శైలజ వైపు తిరిగాడు. "రాసుకో. సీతన్న, రంగూను రేవులో బస్తాలు మోసినోడు. ఎడమసేతోడు. దాని కిందే ఇదీ రాసుకో, మనవడు సంగిడిలో వెండి కడియం కొట్టినాడని."

ఫొటోకి ఒప్పుకున్నాడు గాని, కొక్కెం చేతిలోంచి వదల్లేదు.

"మా ఇంటి తలుపు పడనీకు అందులో" అన్నాడు.