తప్పు అడాప్టరుది కాదు

ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ రోజు పిడుగురాళ్ల బస్టాండు దగ్గర సెల్ షాపులో నా పరువు నేనే తీసుకున్నాను.

మొన్న అక్కడ అరవై అయిదు వాట్ల ఫాస్ట్ చార్జింగ్ అడాప్టరు కొన్నాను. ఇంట్లో పెడితే ఫోనుది మళ్లీ అదే నత్తనడక. పొద్దున్నే వెళ్లి, నలుగురు కస్టమర్ల ముందు దాన్ని కౌంటరు మీద పడేసి, "నకిలీ సరుకు అంటగడతారా?" అని అరిచాను. ఇద్దరు కొనకుండానే వెళ్లిపోయారు.

షాపు నడిపే అమ్మాయి నెమ్మదిగా, "కేబుల్ ఏదండీ?" అంది. జేబులోంచి పాత ఫోను కేబుల్ తీశాను. అది పక్కన పెట్టి అదే అడాప్టరుతో నా ఫోనుకి కొత్త కేబుల్ తగిలించగానే తెర మీద ఫాస్ట్ చార్జింగ్ గుర్తు వెలిగింది.

"ఎంత పెద్ద మోటారు పెట్టినా పైపు సన్నదైతే మిరప చేను తడవదని తొమ్మిదో తరగతిలో మీరే చెప్పారు కదా సార్!" అంది.

అప్పుడు గుర్తుపట్టాను. మొదటి బెంచీలో కూర్చునే షమీమ్.

నేను అరిచిందేమో బజారంతా వినేలా. "తప్పయిందమ్మా" అన్నది మాత్రం ఆమెకొక్కదానికే వినపడేలా. అందుకే అందరికీ కనపడేలా ఇక్కడ రాస్తున్నాను. వెళ్లిపోయిన ఆ ఇద్దరూ ఇది చదివితే, కామెంట్లలో నన్ను తిట్టండి. కొనడానికి మాత్రం ఆ షాపుకే వెళ్లండి.